మూత మీద మూడు దెబ్బలు

కైకలూరులో తాతారావు గారి చేపల ప్యాకింగ్ షెడ్డు పొద్దున్నే ఐదింటికి మొదలవుతుంది. ముందు ఐసు కొట్టే మిషను లేస్తుంది, తర్వాత మనుషులు, ఆ తర్వాత కాకులూ కొంగలూ. చెరువుల మీంచి వచ్చిన బొచ్చెలూ శీలావతులూ కాటా ఎక్కి, పెట్టెల్లోకి దిగుతాయి. ఒక వరస ఐసు, ఒక వరస చేప, మళ్ళీ ఐసు. అంతా అయ్యాక హెడ్ ప్యాకరు వరదానం మూత బిగించి, దాని మీద అరచేత్తో మూడు దెబ్బలు కొట్టి, "చక్కగా చేరు!" అంటాడు. అప్పుడుగానీ పెట్టె లారీ ఎక్కదు. ఈ ఆనవాయితీ ఎవరు పెట్టారో తెలీదు. ఒకసారి తొందరలో మర్చిపోతే ఆ లారీ ఒడిశాలో టైరు పేలి రెండు రోజులు ఆగిపోయింది. అప్పట్నించీ ఎవరూ మర్చిపోరు.

చేపలకంటే ముందు షెడ్డులో ఇంకో తూకం ఉంటుంది. అది దూది తూకం.

దూది అంటే వరదానం కుక్క. పేరు విని తెల్లగా ఉంటుందనుకునేరు, కాదు, ఇటుకరంగు. ఆరేళ్ళ కిందట ఐసు గది వెనకాల పిల్లగా దొరికింది. వరదానం సరదాకి కాటా మీద పెడితే అది తోకాడించుకుంటూ ఆయన చెయ్యి నాకింది, కాటా ఏమో సున్నా చూపించింది. రిపేరొచ్చిందనుకుని చేపను పెట్టి చూశారు, చేప సరిగ్గానే తూగింది. సరేలే అని దూది అని పేరు పెట్టి ఇంటికి తీసుకుపోయాడు.

మామూలు రోజుల్లో అది ఇరవై నాలుగు కిలోలు. సంతోషమొస్తే తగ్గుతుంది, బెంగపడితే పెరుగుతుంది, అంతే. క్రిస్మస్ వారంలో ఇంటికి చుట్టాలొస్తే దాని మెడకి రెండు కిలోల తూకపురాయి కట్టేవారు, లేకపోతే పందిరికి తగులుకునేది. వరదానం వాళ్ళమ్మ పోయిన రోజున గుమ్మానికడ్డంగా పడుకుంటే ఎనిమిది మంది పట్టి లాగినా కదల్లేదు. పెద్దావిడ పెట్టెను పెరటి తలుపులోంచి తీసుకెళ్ళారు. పాస్టరు గారు కూడా, "పోనీలెండి, దానికీ బాధుంటుంది," అన్నారు.

షెడ్డులో రోజూ పొద్దున్న ఎవరో ఒకరు అడుగుతారు. "ఇవాళ ఎంతుందయ్యా?"

"పంతొమ్మిదండీ."

"అయితే రాత్రి మీ ఇంట్లో కూర బాగుందన్నమాట."

ఇలా హాయిగా నడిచిపోతున్న రోజుల్లో విజయకుమారికి ఉద్యోగమొచ్చింది.

విజయకుమారి వరదానం భార్య, నర్సు. కైకలూరులో బస్సెక్కి ఏలూరు వెళ్ళి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పద్నాలుగేళ్ళు చేసింది. గవర్నమెంటు పరీక్షలు ఏడుసార్లు రాసింది. వయసు దాటిపోయే ఆఖరి ఏడాది రాసిన పరీక్షకి పిలుపొచ్చింది. ఎక్కడికీ? అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌కి. పెద్దాసుపత్రిలో నర్సింగ్ ఆఫీసరు.

వరదానం ఆ కాగితం చూసి ఒక్క నిముషం కూడా ఆలోచించలేదు. "వెళ్దాం. అక్కడా సముద్రముంది, చేపలుంటాయి. చేపలుంటే నాకు పనుంటుంది," అన్నాడు.

"మరి దూదో?"

"అదీ వస్తుంది."

రాకపోతే కుదరదు. మూడేళ్ళ కిందట వరదానం ఆపరేషన్‌కని గుంటూరు వెళ్ళి నాలుగు రోజులుంటే దూది ఇంటిముందు కూర్చుని కూర్చుని బరువెక్కిపోయింది. కొల్లేటి ఒండ్రు నేల సంగతి తెలుసు కదా, మెత్తన. ఐదోరోజు ఆయనొచ్చేసరికి మెడ దాకా దిగబడిపోయి ఉంది, ఇరుగుపొరుగు పారలేసి చుట్టూ తవ్వుతున్నారు. నాలుగు రోజులకే అంత దిగితే, వదిలేసి వెళ్ళిపోతే ఏమవుతుంది? విజయకుమారి ఒకటే మాటంది. "దాన్ని మట్టిలో పూడ్చి నేను ఉద్యోగం చెయ్యలేనండీ. వస్తే ముగ్గురం వెళ్దాం, లేదంటే ఈ కాగితం బైబిల్లో పెట్టుకుని దాచుకుంటాను."

ఓడలో పంపుదామంటే మూడు రోజులు విడిగా ఉంచాలి. ఓడ బతకాలి కదా! విమానమైతే రెండు గంటలు. సరే విమానమే అన్నారు.

ఏలూరులో పశువుల డాక్టరు శ్రీహరి గారున్నారు. ఆయన చెప్పినవి విజయకుమారి నోటుబుక్కులో రాసుకుంది. పిచ్చికుక్క టీకా వేసి ముప్పై రోజులు నిండాలి. ప్రయాణం ముందు మళ్ళీ చూసి ఆరోగ్యంగా ఉందని సర్టిఫికెట్టు ఇస్తారు. పెట్టెలో అది నిలబడాలి, తల తగలకూడదు, గుండ్రంగా తిరగాలి. నాలుగువైపులా గాలి రావాలి.

"మత్తిచ్చేస్తే పడుకుంటుంది కదండీ?" అన్నాడు వరదానం.

"వద్దండీ. పైన మత్తులో ఉంటే ఊపిరి అందక ప్రమాదం. మెలకువగానే ఉండాలి. మీరు తొడిగి విడిచిన చొక్కా ఒకటి వెయ్యండి, ఆ వాసనకి ధైర్యంగా ఉంటుంది."

టీకా ముప్పై రోజుల కోసం విజయకుమారి ఆసుపత్రికి రాసి గడువు పొడిగించుకుంది. వాళ్ళు ఇచ్చారు, కానీ కింద గీత గీసి మరీ రాశారు. జూలై పద్దెనిమిది సాయంత్రం ఐదు గంటల్లోగా వచ్చి సంతకం పెట్టకపోతే ఉద్యోగం తర్వాతి మనిషికి పోతుంది. ఇంకో పొడిగింపు లేదు.

పెట్టె నేనే చేస్తానన్నాడు వరదానం. ఇరవై ఏళ్ళు పెట్టెలతో బతికినవాడు, ఇంకొకరికి ఇస్తాడా? పది రోజులు కూర్చుని చేశాడు. చూడముచ్చటగా వచ్చింది. ఆటోలో పెట్టుకుని, దూదినీ ఎక్కించుకుని డాక్టరు గారికి చూపించడానికి పట్టుకెళ్ళాడు.

శ్రీహరి గారు కళ్ళజోడు సర్దుకుని పెట్టె చుట్టూ ఒకసారి తిరిగారు. లోపలంతా థర్మకోలు. మూత రబ్బరు వేసి బిగించి ఉంది, చీమ కూడా దూరదు. అడుగున మాత్రం ఒక చిన్న బెజ్జం.

"ఇదెందుకండీ?"

"ఐసు కరిగితే నీళ్ళు పోవడానికండీ."

"ఏవండీ వరదానం గారూ, మీరు పంపేది కుక్కనండీ. బొచ్చెచేపను కాదు."

వరదానం నాలిక కరుచుకున్నాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి మరి. దూది గేటు దగ్గర కూర్చుని ఆ పెట్టెను చూస్తూనే ఉంది. ఆరోజు తిరిగి వచ్చేటప్పుడు ఆటో ముందు చక్రం గాల్లోకి లేచింది, వెనక సీటులో అంత బరువు.

పది రోజులు పోయాయి. విజయకుమారి తమ్ముడు జాకబ్‌కి తాడేపల్లిగూడెంలో వడ్రంగి కొట్టుంది. అతను మంచి ప్లైవుడ్డు తెచ్చి, నాలుగువైపులా ఊచలు పెట్టి, నీళ్ళ గిన్నె తలుపుకి బిగించి ఇచ్చాడు. అప్పటికి దూదికి చోటున్న విమానం ఒక్కటే, జూలై పద్దెనిమిది పొద్దున్న చెన్నై నుంచి. విమానానికి ఒక్క జంతువునే ఎక్కిస్తారట, మిగతా రోజులన్నీ ఎవరివో కుక్కలూ పిల్లులూ ముందే రాయించుకున్నాయి.

ఈసారి వరదానం డాక్టరు గారు చెప్పకుండానే ఒక పని చేశాడు. చేపపిల్లల్ని దూరం పంపేటప్పుడు ముందురోజు వలగుడ్డలో ఇరుగ్గా పెట్టి, మేత ఆపి, ఇరుకు అలవాటు చేస్తారు. అలా అలవాటైన పిల్ల దారిలో చావదు. దూదికీ అదే పద్ధతి. మొదట తలుపు తీసి పెట్టె వరండాలో పెట్టాడు. అన్నం అందులోనే. మధ్యాహ్నం నిద్ర అందులోనే. వారమయ్యేసరికి తలుపు వేసినా గురక పెడుతోంది, పెట్టె కొంచెం నేల వదిలి ఊగుతోంది. శ్రీహరి గారు వచ్చి చూసి, "ఇది మీ షెడ్డు చదువా? చాలా మంచిదండీ, మా పుస్తకంలో కూడా ఇదే ఉంది," అన్నారు.

బయలుదేరే రోజు తాతారావు గారు తన వ్యాను ఇచ్చారు. చెన్నైకి చేపలు తీసుకెళ్ళే వ్యాను, కడిగించారు గానీ వాసన ఉంది. దూదికి ఆ వాసనంటే ఇల్లే. ఎగిరి కూర్చుంది.

"ఒరేయ్ వరదానం, అన్నీ సరిగ్గా చూసుకో," అన్నారు తాతారావు గారు. "మూత మీద మూడు దెబ్బలు మర్చిపోకేం. పెద్ద ప్రయాణం."

"మర్చిపోతానా అండీ!"

అక్కడే వచ్చింది చిక్కంతా.

పద్దెనిమిదో తారీకు పొద్దున్న చెన్నై విమానాశ్రయం కార్గో ఆఫీసులో సూపర్‌వైజరు నిత్యానందం గారు కాగితాలు చూశారు. నెల్లూరు వైపు మనిషి, చక్కటి తెలుగు. టీకా, సర్టిఫికెట్టు, పెట్టె కొలతలు, అన్నీ బాగున్నాయన్నారు. పెట్టెను కాటా మీద పెట్టారు. కుక్క ఇరవై నాలుగు, పెట్టె పద్నాలుగు, ముప్పై ఎనిమిది. రాయించుకున్న బరువు అదే.

"బాగుందండీ. ఇంక తలుపు బిగించెయ్యండి."

వరదానం తన చొక్కా లోపల పరిచాడు, తలుపు బిగించాడు, గడియ వేశాడు. చెయ్యి దానంతటది లేచింది. మూడు దెబ్బలు. "చక్కగా చేరు!"

కాటా మీద అంకెలు కదిలాయి. నలభై ఐదు. అరవై. ఎనభై ఏడు. నూట పన్నెండు దగ్గర ఆగింది.

నిత్యానందం గారు ఆశ్చర్యపోలేదు. "బెంగ పెట్టుకుందండీ పాపం. నిరుడు ఒక రామచిలకను నలుగురు మోశారు," అన్నారు. "కానీ ఎనభై దాటితే నేను ఎక్కించలేనండీ. అది దాటితే లోపల తాళ్ళు ఆగవు. గంటలో తలుపులు మూసేస్తారు."

"గడియ తీసి ఒకసారి నిమురుతానండీ."

నిమిరాడు. నూట ఇరవై. బిస్కెట్టు పెట్టాడు. మొహం తిప్పుకుంది. విజయకుమారి ఊచల్లోంచి వేళ్ళు పెట్టి, "నా బంగారు తల్లివి కదూ, రెండు గంటలే," అంది. నూట ఇరవై ఆరు. కాటా కింద గచ్చు టిక్కుమంది.

విజయకుమారి సంచీలోంచి ఆసుపత్రి కాగితం తీసి ఒకసారి చూసి, మళ్ళీ మడిచింది. "పోన్లెండి. వెనక్కి వెళ్ళిపోదాం," అంది. అంత నెమ్మదిగా ఆవిడ ఎప్పుడూ మాట్లాడలేదు.

"ఉండు విజయా, ఉండు. నన్ను ఆలోచించుకోనీ."

వరదానం కార్గో గచ్చు మీద గొంతుక్కూర్చుని దూది కళ్ళలోకి చూశాడు. ఇల్లు వదిలినప్పుడు లేని బెంగ, వ్యానులో లేని బెంగ, పెట్టెలో దూరినప్పుడు కూడా లేని బెంగ ఇప్పుడెందుకొచ్చింది? అరచెయ్యి చూసుకున్నాడు. ఆరేళ్ళుగా ఈ కుక్క రోజూ షెడ్డులో కూర్చుని ఏం చూసింది? మూత పడడం, మూడు దెబ్బలు, లారీ కదలడం. దెబ్బలు తిన్న పెట్టె ఒక్కటీ వెనక్కి రాలేదు. దాంతోపాటు షెడ్డు మనిషి ఒక్కడూ వెళ్ళలేదు. పెట్టె వెళ్తుంది, మనుషులు చేతులు కడుక్కుని ఇళ్ళకి పోతారు. దానికి తెలిసింది అదే.

"అయ్యో నా బుద్ధి మండా! దాన్ని ఒక్కదాన్నే పంపేస్తున్నామనుకుందే!"

లేచి చెప్పులు విడిచి కాటా ఎక్కేశాడు. పెట్టె పక్కన బొచ్చెచేపలాగా బిగుసుకుని నిలబడ్డాడు. "విజయా, కొట్టు."

"ఏమిటండీ?"

"నా నెత్తి మీద మూడు దెబ్బలు కొట్టు. గట్టిగా. దానికి వినపడాలి."

"నలుగురిలో మొగుణ్ణి కొట్టమంటారా?"

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా కొట్టాలనిపించలేదా ఏమిటి? ఇదే అదను, కొట్టు!"

వెనకాల వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. విజయకుమారి కొంగు దోపుకుని, ఠపీమని ఒకటి కొట్టింది. రెండోది ఇంకొంచెం గట్టిగా కొట్టింది, మూడోదానికి వరదానం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చక్కగా చేరు!" అంది, ఆఫీసంతా మోగేలా.

పెట్టెలో దూది చెవులు లేచాయి.

"తగ్గుతోందండీ!" అన్నారు నిత్యానందం గారు. "ఆవిడ్ని కూడా ఎక్కించండి!"

విజయకుమారి ఎక్కింది. వరదానం మాత్రం ఆవిడ నెత్తి మీద గట్టిగా కొట్టలేకపోయాడు. పద్నాలుగేళ్ళు బస్సుల్లో నిలబడి వెళ్ళొచ్చిన మనిషి. అరచెయ్యి మెత్తగా ఆనించాడు, ఒకటి, రెండు, మూడు. "చక్కగా చేరు విజయా."

దూది ఆయన వైపు చూసింది, ఆవిడ వైపు చూసింది, తోక పెట్టె గోడకి తగిలి డబడబమని మోగింది. కాటా మీద మనుషులిద్దరూ, పెట్టె, కుక్క. అంకెలు రెండు వందల నలభై దగ్గర్నుంచి జారుకుంటూ వచ్చాయి. రెండు వందలు. నూట అరవై. నూట ముప్పై. నూట ఇరవై రెండు.

"మా ఇద్దరి బరువే నూట ఇరవై రెండండీ," అన్నాడు వరదానం.

పెట్టె కాటా మీంచి బెత్తెడు పైకి లేచి ఊగుతోంది. వరసలో వాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. నిత్యానందం గారు కాగితం మీద ముప్పై ఎనిమిది అని రాసి, ముద్ర వేసి, మనుషుల్ని కేకేశారు. "ఏవయ్యా, వల పట్టుకురండి! ఎగిరిపోకుండా వల వెయ్యండి!"

వేళ్ళ చివర్లతో తోసుకుంటూ తీసుకెళ్ళారు.

విమానం పొద్దున్న పదిన్నరకి లేవాలి. అండమాన్‌లో వాన అన్నారు, పన్నెండన్నారు, చివరికి ఒంటిగంటన్నరకి లేచింది. విజయకుమారి వాచీ చూస్తూనే ఉంది. మూడున్నరకల్లా ద్వీపాల మీదకొచ్చారు గానీ కింద ఏమీ కనపడదు, అంతా నల్లటి మబ్బు. విమానం ఒక చుట్టు తిరిగింది, రెండు చుట్లు తిరిగింది. పైలట్ మైకులో చెప్పాడు. దిగడానికి దారి కనపడటం లేదు, ఇంకో పది నిముషాలు చూస్తాం, ఆ తర్వాత ఇంధనం చాలదు, చెన్నై తిరిగిపోవాలి. ముందొచ్చిన విమానాలు రెండూ అలాగే తిరిగిపోయాయి.

విజయకుమారి కళ్ళు మూసుకుంది. వరదానం మాత్రం కాళ్ళకింద నేలను మడమతో మూడుసార్లు తట్టాడు. సరిగ్గా కింద, సామాన్ల గదిలో, ఉంది దూది. మనవాళ్ళు పైనే ఉన్నారని దానికి తెలుసు. తెలిసిన సంతోషం తగ్గే రకం కాదు.

పది నిముషాలయ్యాయి. పైలట్ మళ్ళీ మాట్లాడాడు. ఇంధనం అనుకున్నంత అవ్వలేదు, విమానం ఎందుకో తేలిగ్గా ఉంది, ఇంకో పది నిముషాలు చూస్తాం అన్నాడు. ఆ పదీ అయ్యాయి. ఇంకో పది అన్నాడు. కొల్లేట్లో పెద్ద గూడబాతు ఈదినట్టు విమానం మబ్బుల మీద హాయిగా తిరుగుతోంది. ఐదో చుట్టులోనో ఆరో చుట్టులోనో మబ్బు దుప్పటి చినిగినట్టు చినిగి, కింద పచ్చటి కొండ, పక్కన తడిసిన రన్‌వే కనపడ్డాయి. నాలుగూ పదికి చక్రాలు నేలను తాకాయి. విమానమంతా ఒకటే ఈలలు.

"నువ్వు పరిగెత్తు," అన్నాడు వరదానం. "దాన్ని నేను తీసుకొస్తాను."

ఆసుపత్రి ఆఫీసులో గుమాస్తా రిజిస్టరు మూసి బీరువాలో పెట్టబోతున్నాడు. తడిసిన చీరతో, చేతిలో కాగితంతో విజయకుమారి గుమ్మంలో నిలబడింది. గోడ గడియారం ఐదుకి పదమూడు నిముషాలు తక్కువ చూపిస్తోంది. ఆయన రిజిస్టరు మళ్ళీ తెరిచి, పెన్ను ఇచ్చి, "ఇవాళ విమానాలన్నీ వెనక్కి పోయాయన్నారే!" అన్నాడు. ఆవిడ తన పూర్తి పేరు, గుండ్రటి అక్షరాలతో, తొందరపడకుండా రాసింది.

బయటికొచ్చేసరికి వాన వెలిసింది. ఆసుపత్రి రోడ్డు ఎక్కుతూ వరదానం వస్తున్నాడు, భుజాన ఖాళీ పెట్టె, చేతిలో తాడు. తాడు పైకి నిటారుగా ఉంది. దాని చివర, ఆయన తలకి రెండు మూరల ఎత్తున, దూది.

అక్కడే గోడ మీద కూర్చుని కైకలూరుకి ఫోను చేశారు. షెడ్డులో సాయంత్రం లారీ నిండుతున్న వేళ. తాతారావు గారు ఫోను అందరికీ వినపడేలా పెట్టారు. ఐసు మిషను కూడా ఆపించారు.

"చేరామండీ!" అంది విజయకుమారి. "సంతకం కూడా పెట్టేశానండీ."

"దూది ఎంతుందమ్మా?"

"ఇక్కడ కాటా లేదండీ. తాడు మాత్రం గట్టిగా పట్టుకున్నాం."

ఫోనులో దూది మొరిగింది. షెడ్డంతా గోల చేసింది. తాతారావు గారు తువ్వాలుతో మొహం తుడుచుకుని, పక్కనున్న చేపల పెట్టె మీద చెయ్యి వేసి అన్నారు.

"ముప్పై రెండేళ్ళుగా పెట్టెలు పంపుతున్నానయ్యా. చేరానని చెప్పిన పెట్టె ఇదొక్కటే!"